చీటీ ఒక్క నెలా తప్పలేదు, సిప్ మాత్రం మొదలే కాలేదు

ప్రశ్న: ఖమ్మంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని. వయసు 38. చేతికొచ్చే జీతం 42,000. మావారికి జిరాక్స్ షాపు ఉంది, ఆయన రాబడి ఒక్కో నెల ఒక్కోలా ఉంటుంది. ఇంటి ఖర్చుకు నా జీతంలోంచి 30,000 దాకా పోతుంది. పాప పేరున సుకన్య ఖాతా తెరవాలని, నెలకు 10,000 సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే డబ్బు) కట్టాలని, టర్మ్ పాలసీ (మనిషి పోతే ఇంటికి డబ్బు అందించే జీవిత బీమా) తీసుకోవాలని రెండేళ్ళుగా అనుకుంటున్నాను. దసరా సెలవుల్లో చూద్దామనుకున్నాను, అవి అయిపోయాయి. ఇప్పుడేమో మా అత్తగారు ధనుర్మాసం వెళ్ళనివ్వమంటున్నారు. మావారు మార్కెట్ పడ్డాక సిప్ మొదలుపెడదామంటారు. వచ్చే మార్చి 14కి పాపకు పదేళ్ళు నిండుతాయి. బ్యాంకులో 2 లక్షల 60 వేలు ఊరికే పడి ఉన్నాయి. క్రెడిట్ కార్డు మీద 38,000 బాకీ ఉంది, నెలకు 2,000 కడుతున్నాను. ఇవి కాక మా వీధిలో ఒకావిడ దగ్గర 2 లక్షల చీటీ, 40 నెలలది. 33 కట్టాను, ఇంకా ఎత్తలేదు. నాది బద్ధకమా, భయమా? ఎలా బయటపడాలి? (పేరు రాయవద్దన్నారు. ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాం)

జవాబు: ముందు ఆ చీటీ సంగతి మాట్లాడుకుందాం. 33 నెలల్లో ఒక్కసారైనా తప్పారా? ఉత్తరంలో తప్పినట్టు ఎక్కడా లేదు. ఈ మూడేళ్ళలో పాప ఫీజులు కట్టి ఉంటారు, ఇంట్లో ఏవో శుభకార్యాలు జరిగి ఉంటాయి, కాలేజీలో జీతం ఆలస్యమైన నెలలూ ఉండే ఉంటాయి. అయినా 5వ తేదీకి చీటీ డబ్బు వెళ్ళిపోయింది. ఇలా కట్టిన మనిషిని బద్ధకస్తురాలని నేను అనలేను.

చీటీలో చేరిన రోజు మీరు ఒక్కసారే నిర్ణయం తీసుకున్నారు. ఆ తర్వాత ఏ నెలా ‘ఈసారి కట్టాలా వద్దా’ అన్న ప్రశ్నే రాలేదు. తేదీ ఖరారైంది, కంతు ఖరారైంది, 6వ తేదీ వస్తే ఆవిడే గుమ్మం దగ్గరికి వచ్చి అడుగుతారన్న మొహమాటం ఉంది. సిప్ దగ్గరికొచ్చేసరికి ఇవేవీ లేవు. ప్రతి నెలా మొదటి నుంచీ ఆలోచిస్తున్నారు: ఏ ఫండ్, ఇప్పుడేనా, ఈ నెల పాప పుట్టినరోజు ఖర్చుంది కదా, 10,000 అంటే మరీ ఎక్కువేమో. నెలకోసారి కొత్తగా నిర్ణయించాల్సిన పని ఏ ఇంట్లోనూ ఎక్కువ కాలం సాగదు. కాబట్టి మీరు మారాల్సిన పని లేదు. మిగతా పనులకు కూడా చీటీకున్న కట్టుబాట్లే పెడదాం.

ఈ జాబితాలో గడువున్నది ఒక్కటే, ఆడపిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన పొదుపు ఖాతా సుకన్య సమృద్ధి. పాపకు పదేళ్ళు నిండితే ఆ ఖాతా ఇక తెరవనివ్వరు. సిప్ ఏప్రిల్‌లో మొదలైనా కొంపలు మునగవు. ఇది మాత్రం మార్చి 14 తర్వాత డబ్బున్నా దొరకదు. పైగా ఫిబ్రవరిలో మీకు ప్రాక్టికల్స్, ఆ వెంటనే ఇంటర్ పరీక్షలు. ఆ రోజుల్లో బ్యాంకు చుట్టూ తిరగడం మీ వల్ల కాదని మీకూ తెలుసు. అందుకే మీకు జనవరి నెలాఖరే గడువనుకోండి.

ఉత్తరం చివర, ముఖ్యం కాదన్నట్టుగా, ఒక మాట రాశారు: పాప బర్త్ సర్టిఫికెట్‌లో పేరు లేదు, ‘బేబీ ఆఫ్’ అని మీ పేరే ఉంది అని. రెండేళ్ళుగా పని ఆగిపోయింది సుకన్య దగ్గర కాదండీ, ఇక్కడ. ఖాతా తెరవాలంటే పాప జనన ధ్రువపత్రం ఉండాలి, మీ పాన్, ఆధార్, ఫొటోలు ఉండాలి. పేరులేని పత్రంతో వెళ్తే కౌంటర్లో వెనక్కి పంపుతారని మీకు లోపల తెలుసు, అందుకే అసలు వెళ్ళడమే లేదు. ‘సుకన్య తెరవాలి’ అన్నది మీ జాబితాలోంచి కొట్టేసి, ‘మీసేవకు వెళ్ళి సర్టిఫికెట్‌లో పాప పేరు చేర్పించాలి’ అని రాసుకోండి. పాత సర్టిఫికెట్, మీ ఇద్దరి ఆధార్, పాప స్కూల్ బోనఫైడ్ పట్టుకుని ఈ వారమే ఒక పూట వెళ్ళండి. పాప ఆధార్‌లోనూ స్కూల్ రికార్డులోనూ ఇంటిపేరు, స్పెల్లింగ్ ఒకేలా ఉన్నాయో లేదో వెళ్ళే ముందే చూసుకోండి. ఒక అక్షరం తేడా ఉన్నా మళ్ళీ మొదటికొస్తుంది. అత్తగారి మాట కాదనక్కర్లేదు. సర్టిఫికెట్‌లో పేరు చేర్పించడానికి ముహూర్తం అవసరం లేదు, అది ఇప్పుడు కానివ్వండి. ఖాతా సంక్రాంతి వెళ్ళాక ఆవిడ చెప్పిన మంచిరోజునే తెరవండి.

పోస్టాఫీసులోనూ తెరవొచ్చు, కానీ మీ జీతం పడే బ్యాంకులో ఆ సదుపాయం ఉంటే అక్కడే తెరవమంటాను. ఒకే బ్యాంకైతే నెలనెలా ఆటోమేటిక్‌గా బదిలీ అయ్యేలా ఒక కాగితం రాసిస్తే సరిపోతుంది. నెలకు 3,000 చొప్పున, 4వ తేదీకి పెట్టించండి. ఈ ఖాతాలో ఏ నెల వడ్డీ అయినా 5వ తేదీ ముగిసినప్పటి నుంచి నెలాఖరు వరకు ఉన్న కనిష్ఠ నిల్వ మీద లెక్కగడతారు. 6న వేస్తే ఆ కంతుకు ఆ నెల వడ్డీ పోయినట్టే.

దీని మీద ఎక్కువ ఆశలూ పెట్టుకోవద్దు. వడ్డీని ప్రభుత్వం మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది, 2024 జనవరిలో 8.2 శాతానికి పెంచారు. అదే రేటు కొనసాగుతుందనుకుంటే నెలకు 3,000 చొప్పున పాపకు 18 ఏళ్ళు వచ్చేసరికి సుమారు 4 లక్షలవుతుంది. చదువు కోసం అప్పుడు తీసుకోగలిగేది అంతకుముందు ఆర్థిక సంవత్సరం చివర ఉన్న నిల్వలో సగం వరకే. జమ చేయాల్సింది 15 ఏళ్ళు, మెచ్యూరిటీ ఖాతా తెరిచిన 21 ఏళ్ళకు, అంటే అప్పటికి పాపకు 30 దాటుతుంది. 18 నిండాక పెళ్ళి సమయంలో మూసేయొచ్చు. ఎప్‌సెట్ (పాత ఎంసెట్) తర్వాత కట్టాల్సిన ఫీజులకు ఇదొక్కటే చాలదు, సిప్ కూడా కావాలన్నది అందుకే. ఏ ఏడాదైనా చేతిలో డబ్బాడక ఆపాల్సి వస్తే, కనీసం 250 వేసి ఖాతా బతికించుకోండి.

క్రెడిట్ కార్డు బాకీ మాత్రం ఈ జవాబు చదివిన రోజే కట్టేయండి. దాని మీద ఆలోచించాల్సిందేం లేదు. మీ బిల్లులో వడ్డీ నెలకు 3.5 శాతం అని ఉందన్నారు. 38,000 మీద అది 1,330. దానిపైన 18 శాతం జీఎస్టీ, ఇంకో 240. మీరు కట్టే 2,000లో అసలు తగ్గేది 430 రూపాయలే. పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకిన ప్రతిదానికీ మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. అవతల సేవింగ్స్ ఖాతాలో అదే 38,000కు నెలకు ఎనభయ్యో తొంభయ్యో వస్తోంది.

కార్డు కట్టాక ఖాతాలో 2 లక్షల 22 వేలు మిగులుతాయి. అత్యవసర నిధి ఎలా పోగేయాలని అడిగారు. మీ నెల ఖర్చుతో చూస్తే ఏడు నెలలకు పైగా సరిపోయే నిధి మీ దగ్గర ఇప్పటికే ఉంది. బ్యాంకులో ఆటో స్వీప్ అడిగి పెట్టించుకోండి, పైమొత్తం ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా మారి, అవసరమైనప్పుడు దానంతటదే వెనక్కి వస్తుంది. దాన్ని ఇక కదపొద్దు.

ఇప్పుడు సిప్. కేవైసీ అయింది, యాప్ ఉంది, ఫండ్ కూడా ఎంచుకున్నారు, తీరా ‘గరిష్ఠ మొత్తం 50,000’ అని కనిపించేసరికి భయపడి బయటికి వచ్చేశానన్నారు. చాలామంది సరిగ్గా ఆ పేజీలోనే ఆగిపోతారు. అది బ్యాంకుకు మీరిచ్చే మ్యాండేట్, అంటే ఖాతాలోంచి డబ్బు తీసుకోవడానికి అనుమతి. 50,000 అన్నది మీ ఖాతాలోంచి తీసే డబ్బు కాదు, ఒక్కసారికి అంతకుమించి తీయకూడదన్న హద్దు మాత్రమే. మీరు 2,000కు సిప్ పెడితే 2,000 మాత్రమే పోతుంది. కింద గడువు తేదీ చోట ముప్ఫై ఏళ్ళ తర్వాతి తేదీ కనిపించినా కంగారు పడకండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు సిప్ ఆపొచ్చు, మ్యాండేట్ కూడా రద్దు చేసుకోవచ్చు. యాప్ మార్చనిస్తే హద్దు 15,000 పెట్టుకోండి. మరీ 2,000కే పెడితే రేపు పెంచాలన్నప్పుడు మళ్ళీ కొత్త మ్యాండేట్, మళ్ళీ ఓటీపీ, మళ్ళీ ఆ పేజీ. అక్కడ ఇంకో రెండేళ్ళు ఆగుతారని నా భయం.

అవును, 2,000తోనే మొదలుపెట్టండి. ఇది రేపటి నుంచి కార్డుకు కట్టనక్కర్లేని డబ్బే, ఇంట్లో ఎవరికీ లోటు తెలియదు. మీ జీతంలో ఇప్పటికిప్పుడు 10,000 సిప్‌కు చోటు లేదు. 30,000 ఇంటికి, 4,500 దాకా చీటీకి, 3,000 సుకన్యకు పోతే లెక్క మీకే తెలుస్తుంది. వీలుకాని అంకె పట్టుకుని కూర్చోవడం వల్లే వీలైనది కూడా మొదలవ్వలేదు.

మరి 10,000 ఎప్పటికి? మీ చీటీ అయిపోయేది జులైలో. ఆ నెల చివరి కంతు కట్టిన రోజే 5,000కు రెండో సిప్ పెట్టండి, పాత మ్యాండేటే పనికొస్తుంది. ఈ మాట ఇవాళే మీవారితో చెప్పి ఉంచండి, ‘ఆగస్టు నుంచి చీటీ డబ్బు సిప్‌కు’ అని. ఇంకా చేతికి రాని డబ్బు గురించి మాట ఇవ్వడం తేలిక. అమెరికాలో రిచర్డ్ థేలర్, శ్లోమో బెనార్ట్జీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దీన్నే ఒక కంపెనీ ఉద్యోగుల మీద ప్రయోగించారు. ఇప్పుడు దాచమని అడగలేదు, రాబోయే ఇంక్రిమెంట్లలో కొంత భాగం పొదుపులోకి పోయేలా ముందే ఒప్పుకోమన్నారు. ఒప్పుకున్నవాళ్ళ పొదుపు జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి చేరింది. పట్టిన కాలం 40 నెలలు, మీ చీటీ లెక్కే. థేలర్‌కు 2017లో నోబెల్ వచ్చింది. మీకూ జూన్‌లో ఇంక్రిమెంట్ ఉంటుంది కదా, ఏటా అందులోంచి 1,000 సిప్‌కు కలపండి. 10,000 దానికదే వస్తుంది.

ఏ ఫండ్ అన్న చిక్కు కూడా విడదీస్తాను. మీరు గీసిన పట్టికలో ఏడు నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్లున్నాయి, అంటే 50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ నిఫ్టీని అనుసరించేవి. ఫండ్ కంపెనీ ఏదైనా లోపలున్నవి ఆ 50 షేర్లే, ఇంచుమించు అదే పాళ్ళలో. ఖర్చు తక్కువగా ఉన్నది, సూచీకి దగ్గరగా నడుస్తున్నది ఒకటి తీసుకోండి, చాలు. పదేళ్ళలోపు తీయనక్కర్లేని డబ్బే ఇందులో పెట్టాలి.

మార్కెట్ పడ్డాక కొందామన్న మీవారి మాట తప్పని అనను. 2020 జనవరిలో 12,300 దాటిన నిఫ్టీ మార్చి 23న 7,610 దగ్గర ముగిసింది. పడాలని ఎదురు చూసినవాళ్ళకు అంతకన్నా మంచి అవకాశం ఏముంటుంది? కానీ ఆ వారం ఊళ్ళు మూతబడ్డాయి, జీతాలు వస్తాయో రావో తెలియదు, కొందామన్న మాట ఇంట్లో ఎవరి నోటా రాలేదు. కొన్నది, సిప్ ఆపడం మర్చిపోయినవాళ్ళు. మీ సిప్ నడుస్తుండగా మార్కెట్ పడితే, ఆయన షాపు మీద మిగిలింది అప్పుడు వేయమనండి.

చీటీ గురించి ఒక హెచ్చరిక. రిజిస్ట్రార్ దగ్గర నమోదు కాని వీధి చీటీ అది. ఆవిడ మంచివారే కావచ్చు, కానీ 33 కంతులు కట్టేసి పాట పాడకుండా చివరి దాకా ఆగితే మీ డబ్బంతా ఒకరి చేతిలో ఉంటుంది. వచ్చే నెల పాటలో కాస్త నష్టానికైనా ఎత్తేయండి. వచ్చినదాన్ని డిపాజిట్‌లో వేసి, మిగిలిన కంతులు యథాప్రకారం కట్టండి. ఇది ముగిశాక మాత్రం కొత్త వీధి చీటీలో చేరొద్దు.

ఇక టర్మ్ పాలసీ. మీ జీతం మీద ఇల్లు నడుస్తోంది కాబట్టి ముందు మీ పేరునే తీసుకోవాలి. ప్రీమియం చేరే వయసును బట్టి ఖరారవుతుంది, ఆ తర్వాత పెరగదు. పుట్టినరోజు దాటితే ఆ మేరకు భారమే. వ్యక్తిగత జీవిత బీమా మీద జీఎస్టీని 2025 సెప్టెంబర్ 22 నుంచి తీసేశారు, కాబట్టి అంతకుముందు చూసిన కొటేషన్ పక్కన పెట్టి కొత్తది అడగండి. పాలసీ వచ్చేలోగా మీ బ్యాంకు యాప్‌లోనే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాలో చేరండి. ఏడాదికి 436 రూపాయలు, 2 లక్షల కవరేజీ. చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాదం వల్ల తప్ప వేరే కారణంతో మరణిస్తే చెల్లించరు.

థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను, పరీక్షల్లో ఏం బయటపడుతుందోనని ఆగానన్నారు. థైరాయిడ్ ఉన్నవాళ్ళకు కంపెనీలు పాలసీలు ఇస్తూనే ఉన్నాయి. ప్రీమియం కాస్త పెరగొచ్చు, పెరగకపోవచ్చు. ప్రపోజల్ ఫారంలో మాత్ర పేరు, డోసు, ఎప్పటి నుంచి వాడుతున్నారో ఉన్నదున్నట్టు రాయండి. ఏజెంట్ ‘అది రాయకండి మేడమ్, లేటవుతుంది’ అంటే ఏజెంట్‌నే మార్చండి. పరీక్షలకు ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్తారు. పరగడుపున ఉండాలి కాబట్టి కాలేజీ లేని ఆదివారం పొద్దున అడగండి.