చెల్లి చదువు మీద ఇంట్లో గొడవ

ప్రశ్న: డాలస్‌లో ఉండే మా చెల్లి ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంట్ కోర్సులో చేరతానంటోంది. బీకాం చదివి రోగుల కాళ్లు పట్టడమేంటని అమ్మ ఒకటే గొడవ. మీరేమంటారు?
– ఓ అక్క, గుంటూరు

జవాబు: కాళ్లు పట్టడం కాదండీ, అమెరికాలో అది రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ. అనాటమీ అదీ చదివాక ల్యాబ్‌లో తోటి విద్యార్థుల మీదే ప్రాక్టీసు: నడుముకు గెయిట్ బెల్టు (మనిషి పడిపోకుండా పట్టుకునే పట్టీ) కట్టి, మోకాలి ఆపరేషన్ అయిన మనిషిని లేపినట్టు లేపి, వాకర్‌తో నాలుగడుగులు వేయించాలి. చూడ్డానికి తేలికే గానీ ఏ పక్క నిలబడాలి, చెయ్యి ఎక్కడ పెట్టాలి అన్నదాంట్లోనే చాలామంది తడబడతారు. తర్వాత ఆసుపత్రిలో క్లినికల్స్, అంటే అసలు రోగులతో శిక్షణ, ఆపైన జాతీయ పరీక్ష, లైసెన్సు. చికిత్స ప్లాన్ రాసేది మాత్రం థెరపిస్టే, ఈమె దాని ప్రకారం చేయిస్తుంది. ఫీజు కట్టేముందు ఆ కోర్సుకు క్యాప్టీ (అక్కడ ఈ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉందో లేదో చూసుకోమనండి. అమ్మగారి సంగతంటారా, ఆవిడకి మోకాళ్ల నొప్పులుంటే ఈ గొడవ ఎక్కువ రోజులుండదు!