రాత్రులు లెక్కపెట్టుకుని ఊళ్లు ఎంచుకో

ఎం.వి.పి. కాలనీ,
విశాఖపట్నం.

చి. ల. సౌ. సుజాతకు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రయాణ పట్టికను రెండుసార్లు చదివాను. పది రోజుల్లో సింగపూర్, మలక్కా, కౌలాలంపూర్, పెనాంగ్, బ్యాంకాక్, పట్టాయా అని ఆరు ఊళ్లు రాశావు. పిల్లలిద్దరినీ, మీ అత్తగారినీ వెంటబెట్టుకుని వెళ్తున్నారు కనుక, పక్కపక్కనున్న దేశాలే కదా అన్న ధీమాతో టికెట్లు కొనేయకముందే నా మాట చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. పెనాంగ్, బ్యాంకాక్, పట్టాయా ఈ మూడింటినీ ఈసారికి వదిలేయమని నా సలహా.

2017లో మేము మీ అన్నయ్య కుటుంబంతో కలిసి తొమ్మిది రోజుల్లో ఐదు ఊళ్లు తిరిగాం. కాగితం మీద ఆ పట్టిక ఎంతో ముచ్చటగా ఉండేది. తీరా వెళ్లాక తెలిసింది, ఊరు మారిన ప్రతిసారీ పొద్దున్నే పెట్టెలు సర్దడం, గది ఖాళీ చేయడం, స్టేషనుకో విమానాశ్రయానికో చేరడం, వరుసల్లో నిలబడడం, కొత్త ఊళ్లో మధ్యాహ్నం రెండో మూడో అయ్యేదాకా గది ఇవ్వకపోతే సామాను పక్కన కూర్చోవడం, ఇలా బస్సు ప్రయాణమైతే పూటంతా, విమానమైతే రోజంతా గడిచిపోతుందని. ఎనిమిదో రోజుకు మీ పెదనాన్నగారి పాదాలు చెప్పుల్లో పట్టనంతగా వాచిపోయాయి. మనవలు బయటికి రామని మంచం మీంచి దిగలేదు. అప్పటినుంచి నేను ఊళ్లను రాత్రులతో కొలుస్తున్నాను. ఒక ఊళ్లో రెండు రాత్రులు ఉంటే నిజంగా మిగిలేది ఒక్క పూర్తి రోజు, మూడు రాత్రులు ఉంటే రెండు రోజులు. ఒక్క రాత్రి ఉండే ఊరు చూసిన ఊళ్ల లెక్కలోకి రాదు.

ఆ లెక్కన సింగపూర్‌లో నాలుగు రాత్రులు, మలక్కాలో రెండు, కౌలాలంపూర్‌లో మూడు ఉండండి. సింగపూర్‌కు నాలుగు ఎందుకని అల్లుడుగారు అడగవచ్చు. ఆ దేశం మొత్తం మన మహా విశాఖ నగరపాలక సంస్థ పరిధి కంటే కొంచెమే పెద్దది కాబట్టి రెండు రోజుల్లో అయిపోతుందని అందరూ అనుకుంటారు. కానీ జంతు ప్రదర్శనశాల, సెంటోసా దీవి, 2012లో తెరిచిన గార్డెన్స్ బై ద బే, ఇవి ఒక్కొక్కటీ పిల్లలతో వెళ్తే పూటకు తక్కువ తీసుకోవు. పైగా భూమధ్యరేఖకు అంత దగ్గరున్న ఊరు. మన సముద్రతీరపు ఉక్కపోతకు అలవాటుపడ్డవాళ్లం కూడా మధ్యాహ్నం అక్కడ నడవలేం. పొద్దున ఒకటి చూసి, మధ్యాహ్నం గదికి వచ్చి పడుకుని, సాయంత్రం ఇంకొకటి చూసే పద్ధతి పెట్టుకుంటేనే వదినగారు, అంటే మీ అత్తగారు, చివరిదాకా ఉత్సాహంగా ఉంటారు.

వారాలు చూసుకోవడం చాలామంది మరచిపోతారు. మలక్కాలోని జోంకర్ వీధి రాత్రి సంత శుక్ర, శని, ఆదివారాల్లోనే జరుగుతుంది. కౌలాలంపూర్‌లోని పెట్రోనాస్ జంట గోపురాల వంతెన మీదికి సోమవారం సందర్శకులను అనుమతించరు. సింగపూర్‌కూ మలేసియా సరిహద్దు ఊరు జొహోర్ బహ్రూకూ నడుమ సముద్రం మీదుగా వేసిన కాజ్‌వే అనే దారి మీద శుక్రవారం సాయంత్రం వాహనాలు బారులు తీరి ఉంటాయి. ఈ మూడూ కలిపి చూస్తే, ఆదివారం రాత్రి విశాఖలో బయలుదేరి సోమవారం తెల్లవారుజామున సింగపూర్‌లో దిగి, శుక్రవారం పొద్దున్నే సరిహద్దు దాటి మలక్కా చేరి, ఆదివారం ఉదయం కౌలాలంపూర్‌కు కదిలి, మంగళవారం గోపురాలు చూసి, బుధవారం తిరిగి రావడం అన్నివిధాలా అనుకూలం. ఆదివారం సాయంత్రమైతే సెలవు ముగించుకుని ఇళ్లకు తిరిగొచ్చే జనంతో కౌలాలంపూర్ రోడ్డు కూడా కిక్కిరిసి ఉంటుంది కాబట్టి ఉదయమే కదలమన్నాను.

టికెట్ల విషయంలో సింగపూర్‌కు రానుపోను టికెట్టు కొనవద్దు. మన ఊరి నుంచి అక్కడికి నేరుగా విమానం ఉండడం పెద్ద సౌకర్యమే, కానీ తిరుగు ప్రయాణానికి మళ్లీ కౌలాలంపూర్ నుంచి సింగపూర్ దాకా రావాలంటే ఒక రోజూ, ఒక సరిహద్దూ అదనం. సింగపూర్‌లో దిగి, కౌలాలంపూర్‌లో ఎక్కి, చెన్నై మీదుగానో హైదరాబాదు మీదుగానో ఇంటికి చేరండి. అయితే ఆ రెండు విమానాలూ ఒకే టికెట్టు మీద ఉండాలి. వేరువేరుగా కొంటే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు ఆ సంస్థకు ఏ బాధ్యతా ఉండదు. మాకు ఆ నష్టం జరిగింది. అందరికీ కొత్త టికెట్లు కొనుక్కుని, రాత్రంతా కుర్చీల్లో గడిపాం.

ఇక పాస్‌పోర్టులు. ఈ పని ఈ వారంలోనే చెయ్యి. దిగే రోజు నుంచి ఆరు నెలలకు పైగా గడువు ఉండాలి. పెద్దవాళ్ల పాస్‌పోర్టు పదేళ్లు చెల్లుతుంది కానీ పిల్లలది ఐదేళ్లే కాబట్టి, నీదీ అల్లుడుగారిదీ చూసి అందరివీ బాగానే ఉన్నాయనుకోవద్దు. మన తెలుగువాళ్లకు ఇంటిపేరుతో మరో చిక్కు ఉంది. ఒకరి పాస్‌పోర్టులో ఇంటిపేరు దాని గడిలో విడిగా ఉంటుంది, మరొకరిది అసలు పేరులోనే కలిసిపోయి ఉంటుంది, ఇంకొకరికి పొడి అక్షరమే ఉంటుంది. టికెట్టు మీదా, వీసా దరఖాస్తులోనూ పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే రాయించు. ఆధార్ చూసి రాయవద్దు.

మీ అత్తగారి పాస్‌పోర్టులో ఈసీఆర్ అని, అంటే విదేశంలో ఉద్యోగానికి వెళ్లాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి కావాలని, ముద్ర ఉందేమో చూడు. పదో తరగతి ధ్రువపత్రం చూపించనివారికి అది వేస్తారు. ఉద్యోగానికి వెళ్లేవారి రక్షణకోసం పెట్టిన ఆ నిబంధన వర్తించే దేశాల్లో మలేసియా కూడా ఉంది. ఆమె పని కోసం వెళ్లడం లేదు కనుక ఆపవలసిన అవసరం లేదు, అయినా తిరుగు టికెట్టు, హోటలు కాగితాలు ఆమె చేతిసంచిలోనే ఉంచు. యాభై ఏళ్లు దాటినవారు ఆ ముద్ర తీసివేయించుకోవడానికి అర్హులు. ప్రయాణానికి మూడు నెలలు ఉంది కాబట్టి మర్రిపాలెం పాస్‌పోర్టు కార్యాలయం పని ఇప్పుడే ముగించుకోవడం మంచిది.

సింగపూర్‌కు వీసా కావాలి, అది గుర్తింపు పొందిన ఏజెంటు ద్వారా తీసుకోవచ్చు. మలేసియా 2023 డిసెంబరు 1 నుంచి మనవారిని 30 రోజుల వరకు వీసా లేకుండా రానిస్తోంది, కానీ ఇలాంటి సడలింపులు గడువు పెట్టి ఇచ్చేవి కాబట్టి టికెట్టు కొనే వారంలో మళ్లీ ప్రభుత్వ సమాచారం చూసుకో. రెండు దేశాలకూ దిగడానికి ముందు మూడు రోజుల్లోపు అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. అది పూర్తిగా ఉచితం. డబ్బు అడిగే వెబ్‌సైటు కనబడితే అది ప్రభుత్వానిది కాదని తెలుసుకో.

శుక్రవారం సరిహద్దు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. బస్సులో కూర్చుంటే అదే దాటిస్తుందని అనుకోవద్దు. సింగపూర్ వైపు ఒకసారి, మలేసియా వైపు మరోసారి దిగాలి, రెండోసారి సామానంతా దింపుకుని తనిఖీ చేయించుకోవాలి. వెనకబడ్డవారి కోసం బస్సు చాలాసేపు ఆగదు. అందుకని ఒక్కొక్కరికి వారు స్వయంగా లాక్కెళ్లగలిగిన ఒక్క పెట్టె మాత్రమే ఉండాలి. వదినగారి పెట్టె అల్లుడుగారు తీసుకోవాలి కాబట్టి మొత్తం నాలుగు పెట్టెలు దాటకూడదు. స్థోమత ఉంటే ఆ ఒక్క ప్రయాణానికి సరిహద్దు దాటే అనుమతి ఉన్న ఆరు సీట్ల కారు మాట్లాడుకోండి. ఆ పూట మిగిలే ఓపిక విలువ ఆ ఖర్చు కంటే ఎక్కువ. సింగపూర్ లోపల కూడా మామూలు కారులో నలుగురినే ఎక్కించుకుంటారు, మీరు ఐదుగురు. మెట్రో, బస్సులే మేలు. మన బ్యాంకుల వీసా, మాస్టర్‌కార్డు కాంటాక్ట్‌లెస్ కార్డులను అక్కడ గేటు దగ్గర నేరుగా తాకించవచ్చు, కానీ ఒక్కో మనిషికి ఒక్కో కార్డు ఉండాలి.

బస విషయంలో, తక్కువకు వస్తుందని సింగపూర్‌లో ఎవరి ఫ్లాటో రెండు మూడు రోజులకు తీసుకోవద్దు. నివాస గృహాలను మూడు నెలల కంటే తక్కువ కాలానికి అద్దెకివ్వడం అక్కడ చట్టవిరుద్ధం. లిటిల్ ఇండియా ప్రాంతంలో హోటలు తీసుకుంటే శాకాహారానికీ, సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ కోవెలకూ నడిచి వెళ్లవచ్చు. కౌలాలంపూర్‌లో కె.ఎల్. సెంట్రల్ స్టేషను పక్కనున్న బ్రిక్‌ఫీల్డ్స్ అలాంటి చోటే. అక్కడినుంచి బటు గుహలకు రైలు ఉంది. గుహాలయానికి 272 మెట్లు. సోమవారం ఎండెక్కకముందే వెళ్లండి. వదినగారు ఎక్కలేకపోతే కిందనే 2006లో ఆవిష్కరించిన, 42 మీటర్లకు పైగా ఎత్తున్న మురుగన్ విగ్రహం దగ్గర కూర్చోవచ్చు. చేతిలో కవర్లు ఉంటే కోతులు లాక్కుంటాయి.

సామానులో ముఖ్యంగా చూసుకోవలసింది వంటింటి పొడులు. సింగపూర్‌లోకి గసగసాలు నిషిద్ధం, మసాలా పొడిలో కలిసినా సరే. మీ అత్తగారు ప్రేమతో కట్టించే మసాలా డబ్బా ఇంట్లోనే ఉంచేయి. చూయింగ్ గమ్ కూడా తీసుకెళ్లకూడదు. ఆవకాయ చేతిసంచిలో పెడితే విమానాశ్రయంలోనే తీసేస్తారు, రెండు కవర్లలో బిగించి పెద్ద పెట్టెలో వేయి. మందులు మాత్రం చేతిసంచిలోనే, పట్టీలతో సహా, డాక్టరుగారి చీటీతో ఉండాలి. నిద్రమాత్రలు గాని, కొడీన్ ఉన్న దగ్గుమందు గాని ఉంటే ముందుగా అనుమతి తీసుకోవలసి వస్తుంది. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు వదినగారి షుగరు, బీపీ సంగతి దాచకుండా రాయించి, పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో చదివి చూడు. రెండు దేశాల్లోనూ ప్లగ్గులకు మూడు చదరపు పిన్నులు ఉంటాయి, ఒక అడాప్టరు మన ఊళ్లోనే కొను.

దుకాణంలో కార్డు వాడేటప్పుడు యంత్రం రూపాయల్లో తీసుకోవాలా, అక్కడి డబ్బులో తీసుకోవాలా అని అడుగుతుంది. అక్కడి డబ్బే ఎంచుకో, రూపాయలైతే మారకంలో ఎక్కువ పోతుంది. ఏజెంటు దగ్గర ప్యాకేజీ కొంటే టీసీఎస్ అని ముందస్తు పన్నుగా కొంత వసూలు చేస్తాడు. రసీదు జాగ్రత్త చేస్తే రిటర్ను దాఖలు చేసినప్పుడు అది అల్లుడుగారి పన్నులో సర్దుబాటవుతుంది.

పెనాంగ్ వదిలేయమన్నందుకు నొచ్చుకోకు. పెనాంగ్‌లోని జార్జ్‌టౌన్ నాకు ఎంతో ఇష్టమైన ఊరు, అందుకే అక్కడ ఒక్క రాత్రి పడుకుని వచ్చేయడం నాకు ఇష్టం లేదు. థాయ్‌లాండ్‌తో కలిపి మరో వేసవికి ఉంచుకోండి, రైల్లో పడంగ్ బెసార్ దగ్గర సరిహద్దు దాటవచ్చు.

మార్చిన పట్టికతోపాటు ఐదుగురి పాస్‌పోర్టుల మొదటి, చివరి పేజీల ఫోటోలు ఆదివారంలోగా నాకు పంపు. పేర్లూ గడువులూ నేను కూడా ఒకసారి సరిచూసిన తరువాతే టికెట్లు తీసుకుందురు గాని.

ఆశీస్సులతో,
పెద్దమ్మ