ముందు మేడ మీదకు సున్నం ఎక్కించండి

మూడో అంతస్తులో అద్దెకుంటున్నామనీ, పైన ఇంకో అంతస్తు లేదనీ, ఈ ఏడాదికి ఏసీ పెట్టించే స్తోమత లేదనీ, ఇంట్లో పెద్దవారున్నారనీ చెప్పి, ఈ వడగాడ్పుల రోజుల్లో ఇల్లు చల్లగా ఉంచుకునే మార్గం అడిగారు. విజయవాడలో సరిగ్గా ఇలాంటి ఇంట్లోనే చాలా వేసవులు గడిపినవాడిని. కూలరు కొనమనీ, కిటికీలకు తడి దుప్పట్లు కట్టమనీ ఇతరులు ఇచ్చే సలహాల సంగతి తరువాత చూద్దాం. మీ బాధకు మూలం మీ నెత్తి మీదున్న స్లాబు. దాని సంగతి చూడకుండా గదిలో ఎన్ని ఉపాయాలు చేసినా అవన్నీ పైపై వైద్యాలే.

నాలుగైదు అంగుళాల కాంక్రీటు పగలంతా ఎండను తాగుతుంది, కానీ ఆ వేడిని వెంటనే కిందికి వదలదు. అది లోపలి వైపుకు దిగేసరికి కొన్ని గంటలు పడుతుంది. మధ్యాహ్నం రెండింటికంటే రాత్రి తొమ్మిదింటికి పడకగది ఎక్కువగా ఉడికిపోవడానికి కారణం ఇదే. బయట గాలి కాస్త చల్లబడి, వీధి అరుగుల మీద జనం హాయిగా కబుర్లు చెప్పుకునే వేళకు, పై అంతస్తువారికి అసలు వేసవి మొదలవుతుంది. అప్పుడు ఫ్యాను వేస్తే అది స్లాబు కింద పేరుకున్న వేడిగాలిని తెచ్చి మన ముఖం మీదికి కొడుతుంది. చుట్టూ కొండలున్న బెజవాడలో ఆ రాళ్లు కూడా పొద్దుపోయేదాకా సెగ కక్కుతూనే ఉంటాయి కనుక, మాకు ఈ శిక్ష మరికొంచెం ఎక్కువ.

ఆ ఎండను స్లాబు తాగకుండా తిప్పికొట్టేది తెల్లటి సున్నపు పూత. మా మేడకు అది వేయించిన వైనం చెబుతాను. వన్‌టౌన్‌లో రాతి సున్నం కొని, పాతకాలపు సున్నాల మేస్త్రి ఒకాయనను పిలిచాము. ఆయన ఇనుప డ్రమ్ములో గడ్డలు పోసి నీళ్లు వదలగానే అవి కుతకుత ఉడికి, పొగలు కక్కి, డ్రమ్ము చుట్టుపక్కల నిలబడలేనంత వేడి పుట్టింది. ఆ సమయంలో పిల్లలను మేడ ఎక్కనీయకూడదు, ఒక్క చుక్క కంట్లో పడితే చాలా ప్రమాదం. రాత్రంతా నాననిచ్చి, మరునాడు పాత పంచెలో వడకట్టి, నడిస్తే కాళ్లకు అంటకుండా ఉండడానికి కొంత ఫెవికాల్ కలిపి, స్లాబును ముందుగా తడిపించి, ఎండ తగ్గాక చీపురుకట్టతో నిలువుగా ఒక పూత, అది ఆరాక అడ్డంగా మరొక పూత వేశాడు. పల్చటి పూతలు రెండు వేయాలి తప్ప, చిక్కటి పూత ఒక్కటి వేస్తే పెచ్చులుగా లేచిపోతుందని ఆయన గట్టిగా చెప్పాడు, అది నిజమే.

అయితే మేడ మొత్తం వేయనీయలేదు. పక్క వాటావారి ఇల్లాలు తమ మినప వడియాలకూ, మాగాయ ముక్కలకూ సున్నం అంటుకుంటుందని అభ్యంతరం చెప్పడంతో, వారి గదుల మీద ఉన్న సగాన్ని అలాగే వదిలేయవలసి వచ్చింది. వడియాలు ఎండడానికి మేడ మాడిపోవాలి, ఆ మేడ కిందే మనుషులు నిద్రపోవాలి. ఈ వైరుధ్యం మన మధ్యతరగతి ఇళ్లలో ఎవరికీ పట్టదు. ఏమైనా ఆ అభ్యంతరం వల్ల, ఒకే స్లాబు సగం తెల్లగానూ సగం నల్లబారిన బూడిద రంగులోనూ మిగిలి, ఎవరికి వారే పరీక్షించి చూసుకునే వీలు కలిగింది. మిట్టమధ్యాహ్నం చెప్పులు విడిచి తెల్లని భాగంలో నిలబడితే కాళ్లు ఓర్చుకున్నాయి, గీత దాటి అవతల పాదం మోపితే ఆనించిన క్షణంలోనే వెనక్కి లాక్కోవలసి వచ్చింది. ఆ రాత్రి పక్కింటాయన మా గదిలోకి వచ్చి, ముక్కాలి పీట ఎక్కి, స్లాబుకు అరచేయి ఆనించి చూసి, తరువాత తమ ఇంట్లోనూ అలాగే చూసి, మీ వైపు చెట్టు నీడ పడుతున్నట్టుందండీ అని వెళ్లిపోయారు. మా మేడ మీద నీడపడేంత చెట్టు ఆ వీధిలోనే లేదు. వరండాలో చాప వేసుకుని తెల్లవార్లూ విసనకర్రతో గడిపే మా అమ్మగారు మాత్రం ఆ వారం నుంచి గదిలోనే పడుకున్నారు. పక్కవారు మరో ఏసీ కొని, దాని వేడిగాలి మా వంటింటి కిటికీలోకి కొట్టేటట్టుగా బయటి యూనిట్ బిగించారు.

2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం ప్రకటించి, ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు ఎండను తిప్పికొట్టే పైకప్పును తప్పనిసరి చేసింది. అయినా అపార్ట్‌మెంట్లు కట్టేవారు అందం పేరుతో మేడ మీద ముదురు రంగు టైల్స్ పరుస్తూనే ఉన్నారు, పడమటి గోడకు నిలువెత్తు అద్దాలు బిగించి పైన జానెడు సన్‌షేడ్ కూడా పెట్టడం లేదు. అటువంటి కిటికీకి లోపల ఎంత మందపు కర్టెన్ వేసినా ఫలితం స్వల్పమే, ఎందుకంటే అద్దం దాటిన వేడి ఇంట్లోకి వచ్చేసినట్టే. తడికో, వెదురు చాపో, వట్టివేళ్ల తెరో కిటికీకి బయటి వైపున కట్టాలి. ఉదయం ఏడున్నరకల్లా కిటికీలు మూసి, బయటి గాలి లోపలి గాలికంటే చల్లబడిన తరువాతే తెరవాలి. గాలి రావాలని పట్టపగలు తలుపులు బార్లా తీసి పెట్టే అలవాటు మన పెద్దలకు మండువా ఇళ్ల నుంచి వచ్చింది. మందపాటి గోడలూ, పెంకుల కప్పూ, మధ్యలో ఆకాశమూ ఉన్న ఆ ఇంటికి చెల్లిన పద్ధతి ఈ కాంక్రీటు పెట్టెకు చెల్లదు.

కూలరు విషయంలో గాలి ఏ దిక్కు నుంచి వస్తున్నదో చూసుకోవాలి. పడమటి నుంచి పొడి గాడ్పు వీస్తున్నంతసేపూ అది చక్కగా పనిచేస్తుంది, సాయంత్రం బందరు వైపు నుంచి సముద్రపు గాలి తిరిగితే గాలిలో తేమ పెరిగి, నీరు ఆవిరి కాక, ఒళ్లు జిడ్డు చేయడం తప్ప ప్రయోజనం ఉండదు. కూలరును కిటికీకి ఆనించి, ఎదురుగా మరొక కిటికీ తెరిచి ఉంచాలి. అన్నీ మూసి గది మధ్యలో పెట్టుకునేవారు తమ ఇంటిని తామే ఆవిరి గది చేసుకుంటున్నారు. స్లాబు మీద బిందెలతో నీళ్లు పోయడం నాకు నచ్చదు, ట్యాంకర్ల కోసం ఎదురుచూసే కాలంలో ఆ నీటికంటే తడిపిన గోనెసంచులు మేలు.

పెద్దవారున్నారన్నారు కనుక చెబుతున్నాను. 2015 మే నెలలో ఎండ దెబ్బకు ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా చనిపోయారు. నలభై డిగ్రీలు దాటిన గదిలో ఫ్యాను ఒక్కటే రక్షణ కాదు, తడి తువాలుతో ఒళ్లు తుడుస్తూ, దాహం వేసే వరకూ ఆగకుండా ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ ఇస్తూ ఉండాలి. మేడ మీద నల్ల ట్యాంకులో నీళ్లు మధ్యాహ్నానికి సలసల కాగుతాయి కాబట్టి ఉదయమే బకెట్లు నింపి స్నానాల గదిలో ఉంచండి. మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా ఇంటి వైద్యాలతో కాలయాపన చేయకుండా 108కి ఫోన్ చేయండి.

అద్దె ఇల్లు కాబట్టి సున్నానికి యజమాని ఒప్పుకోవాలి. చల్లదనం మాట ఎత్తితే వారు వినరు, స్లాబు బీటలు తగ్గుతాయని చెప్పి చూడండి, ఖర్చు సగం మీరు పెట్టుకుంటామంటే సాధారణంగా కాదనరు. వానలు మొదలైతే పూత కొట్టుకుపోయి తూము గొట్టాలకు అడ్డుపడుతుంది, తొలకరికి ముందే ఊడ్పించండి. మళ్లీ ఏడాది ఉగాది వెళ్లగానే వేయించుకోండి, రోహిణి కార్తె దాకా ఆగితే సున్నాలు వేసే మనిషి దొరకడు.