ఏటా లక్షా పదిహేను వేల హాస్టల్: అసలు ఖర్చు ఎంత?

ప్రశ్న: ఆలేరులో విత్తనాలు, ఎరువుల దుకాణం నడుపుతున్నాను. మా అమ్మాయికి ఘట్‌కేసర్ దగ్గర ఒక ఇంజినీరింగ్ కళాశాలలో సీటు వచ్చింది. ట్యూషన్ ఫీజు ఏటా 95,000, హాస్టల్‌కు మెస్‌తో కలిపి 1,15,000 రూపాయలు. ఇంటి నుంచి వెళ్లి రావాలంటే రానూపోనూ మూడున్నర గంటలు పడుతుంది. నా ఆదాయం సగటున నెలకు 55,000. ఇంటి ఖర్చు 30,000, బ్యాంకు వాయిదా 8,000. రెండు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. బాబు తొమ్మిదో తరగతి. నాలుగేళ్లకు హాస్టల్‌కే 4,60,000 అవుతుందంటే భయంగా ఉంది. హాస్టల్‌లో వేస్తే ఆ సమయమంతా ఫోన్‌లోనే పోతుందేమోనన్న అనుమానం కూడా ఉంది. విద్యారుణం తీసుకోవాలా, చిట్టీ ఎత్తాలా, లేక రోజూ బస్సులో పంపడమే మంచిదా?

జవాబు: మీరు భయపడుతున్న 4,60,000 అసలు ఖర్చు కాదు, ఎందుకంటే అమ్మాయి ఇంట్లో ఉన్నా ఆమె మీద కొంత ఖర్చు అవుతూనే ఉంటుంది. హాస్టల్ బిల్లును సున్నాతో కాకుండా ఇంటి నుంచి వెళ్లి రావడానికయ్యే ఖర్చుతో పోల్చి చూడాలి. మీరు ఫీజు పట్టికలో చూసిన 1,15,000కు తోడు బట్టలు ఉతికించుకోవడం, వారాంతంలో ఇంటికి రావడం, చిరుతిళ్ల వంటి వాటికి నెలకు 1,500 చొప్పున పది నెలలకు 15,000 కలపండి. అంటే హాస్టల్ ఏడాదికి 1,30,000. ఇంట్లో ఉంటే ఆమె తిండికి పది నెలల్లో 25,000 అవుతుందనుకుందాం. 2023 డిసెంబరు 9 నుంచి అమల్లో ఉన్న మహాలక్ష్మి పథకం వల్ల పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో అమ్మాయికి టికెట్ ఖర్చు లేదు. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు దగ్గర ఉంటే చాలు. బస్సు దిగాక కళాశాలకు షేర్ ఆటోకు రోజుకు 40, టీ టిఫిన్లకు 35 చొప్పున 200 రోజులకు 15,000. మొత్తం 40,000. కాబట్టి హాస్టల్ వల్ల మీకు అదనంగా అయ్యేది ఏడాదికి 90,000, నాలుగేళ్లకు 3,60,000. అబ్బాయి విషయంలోనైతే బస్సు పాస్ ఖర్చు కూడా కలపవలసి వచ్చేది.

ఈ 90,000 పెట్టి మీరు కొంటున్నది సమయం. హాస్టల్ నుంచి తరగతికి రానూపోనూ అరగంట అనుకుంటే రోజుకు మూడు గంటలు, ఏడాదికి 600 గంటలు మిగులుతాయి. అంటే గంటకు 150 రూపాయలు. విత్తనం ప్యాకెట్ ధరను మీరు దిగుబడితో కలిపి చూస్తారు కదా, ఇదీ అంతే. మొదటి ఏడాదిలో గణితం, ప్రోగ్రామింగ్ వంటి సబ్జెక్టుల్లో వెనకబడిన పిల్లలు ఆ బ్యాక్‌లాగులను, అంటే తప్పిన పేపర్లను, తర్వాతి సెమిస్టర్ల చదువుతో పాటు మోయవలసి వస్తుంది. హైదరాబాద్ జేఎన్‌టీయూ నిబంధనల ప్రకారం హాజరు 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే తగిన కారణం చూపి, రుసుము కట్టి మినహాయింపు కోరవచ్చు గాని, అంతకన్నా తగ్గితే ఆ సెమిస్టర్ పరీక్షలకే అనుమతి ఉండదు. వానలో, జ్వరంలో రోజూ మూడున్నర గంటలు తిరిగే పిల్లకు ఈ హద్దు దగ్గరగానే ఉంటుంది.

ఫోన్ గురించి మీరు రాసిన అనుమానం సబబైనదే, దానికి ఎవరూ హామీ ఇవ్వలేరు. బస్సులో గడిచే మూడున్నర గంటలు కూడా ఎక్కువ భాగం ఫోన్‌కే పోతాయన్నది వేరే సంగతి. మొదటి సెమిస్టర్ ఫలితాలు, హాజరు శాతం చూస్తే ఆ సమయం ఎటు పోయిందో చాలావరకు తెలుస్తుంది. అందుకే ఇది నాలుగేళ్లకు ఒకేసారి తీసుకోవలసిన నిర్ణయం కాదని, ఏడాదికోసారి తేల్చుకోవలసిందని నా అభిప్రాయం.

ఇక మీ స్తోమత. ఖర్చులు, వాయిదా పోగా నెలకు 17,000, ఏడాదికి 2,04,000 మిగులుతుంది. ట్యూషన్ ఫీజు 95,000, పుస్తకాలు, పరీక్ష రుసుములకు ఒక 15,000 తీసేస్తే చేతిలో ఉండేది 94,000. హాస్టల్‌లో వేస్తే 1,30,000 కట్టాలి, ఇంట్లో తిండి ఖర్చు 25,000 తగ్గుతుంది. అంటే కొత్తగా కావలసింది 1,05,000. ఏడాదికి 11,000 లోటు. ఒక్క ఏడాదికైతే డిపాజిట్ నుంచి సర్దుకోవచ్చు. కానీ అమ్మాయి మూడో ఏడాదికి వచ్చేసరికి బాబు ఇంటర్‌లో చేరతాడు, ఆ ఫీజులు ఈ రోజుల్లో ఇంజినీరింగ్‌కు తీసిపోవడం లేదు. పైగా హాస్టల్ రుసుము ఇప్పుడున్న చోటే ఆగదు. కాబట్టి నాలుగేళ్లూ కళాశాల హాస్టల్ మీ ఆదాయానికి మించిన పని, అందులో సందేహం లేదు.

ఆ లోటును అప్పుతో పూడ్చవద్దు. విద్యారుణంలో హాస్టల్ ఖర్చును కూడా బ్యాంకులు లెక్కలోకి తీసుకుంటాయి, నాలుగు లక్షల వరకు మన వాటా అడగవు, ఏడున్నర లక్షల వరకు ఆస్తి హామీ అడగవు. అందువల్ల సులువుగా కనిపిస్తుంది. అయితే హాస్టల్ వల్ల అయ్యే అదనపు ఖర్చు మొత్తానికీ ఏటా 90,000 చొప్పున తీసుకుని, చదువు పూర్తయిన ఏడాది తర్వాత తీర్చడం మొదలుపెడితే, 10 శాతం సాధారణ వడ్డీ అనుకున్నా అప్పటికి వడ్డీయే 1,26,000 అవుతుంది, అసలుతో కలిపి 4,86,000. ఉద్యోగంలో చేరిన పిల్లకు తొలి జీతం నుంచే ఆ భారం మొదలవుతుంది. ఏదైనా సీజన్‌లో వ్యాపారం దెబ్బతిని ట్యూషన్ ఫీజే ఆగిపోయే పరిస్థితి వస్తే రుణం ఉపయోగపడుతుంది, అంతవరకు ఆ దారిని దాచి ఉంచండి. చిట్టీ సంగతికొస్తే, ముందుగా ఎత్తడానికి పాటలో ఎంత వదులుకోవాలో మీకు నాకన్నా బాగా తెలుసు. పన్ను కోణం ఇక్కడ పెద్దగా లేదు. పాత విధానంలో ట్యూషన్ ఫీజుకు ఉండే మినహాయింపు హాస్టల్ రుసుముకు వర్తించదు.

నేనైతే ఇలా చేయమంటాను. మొదటి ఏడాది కళాశాల హాస్టల్‌లోనే చేర్చండి. పరిచయాలు ఏర్పడి, చదువు దారిలో పడే ఏడాది అది. వార్డెన్ పర్యవేక్షణ మీ ఇంట్లోవాళ్లకూ ధైర్యం. రెండో ఏడాది నుంచి, తోటి విద్యార్థినులు ఇద్దరు ముగ్గురితో కలిసి కళాశాలకు నడిచి వెళ్లే దూరంలో ఉన్న ప్రైవేటు మహిళల హాస్టల్‌కు మారవచ్చు. తిండితో కలిపి నెలకు 6,500 ఉన్నచోట దొరికితే పది నెలలకు 65,000, చిల్లర ఖర్చులతో 80,000. బస్సులో పంపడంతో పోలిస్తే అదనం 40,000 మాత్రమే. ఉన్నన్ని నెలలకే కడతారు కనుక, సీజన్‌ను బట్టి డబ్బు వచ్చే మీ వంటివారికి ఈ పద్ధతి నప్పుతుంది. నాలుగో ఏడాది రెండో సెమిస్టర్ ఎక్కువ భాగం ప్రాజెక్టుకే పోతుంది గనుక అప్పుడు ఇంటి నుంచి వెళ్లి రావచ్చు. ఈ లెక్కన నాలుగేళ్ల అదనపు ఖర్చు 3,60,000కు బదులు 1,90,000 దగ్గర ఆగుతుంది. ఒకవేళ మొదటి ఏడాది ఫలితాలు బాగా లేకుండా, కారణం హాస్టల్ వాతావరణమేనని తేలితే, మొహమాటపడకుండా ఇంటికి తెచ్చుకోండి.

డబ్బు కట్టే ముందు కళాశాలవారిని కొన్ని సంగతులు రాతపూర్వకంగా అడగండి: మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారు, సెలవుల్లో మెస్ ఛార్జీ తగ్గిస్తారా, డిపాజిట్ ఎప్పుడు వాపసు చేస్తారు, వచ్చే ఏడాది రుసుము ఎంత పెరగవచ్చు. మొదటిదానికి నోటిమాట తప్ప కాగితం ఇవ్వకపోతే, ఏడాది మొత్తం ఒకేసారి కట్టకుండా రెండు విడతలకు ఒప్పించే ప్రయత్నం చేయండి. ప్రైవేటు హాస్టల్‌లోనైతే అడ్వాన్సులో ఎంత కోత పెడతారో, ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలో చూడాలి. జీఎస్టీ అదనమని అడిగితే, నెలకు 20,000 లోపు ఉండి కనీసం 90 రోజులు వరుసగా ఉండే వసతికి 2024 జూలై నుంచి ఆ పన్ను లేదని చెప్పండి.

మొదటి ఏడాది లోటు 11,000తో పాటు పరుపు, బకెట్ వంటి వాటికి మరో ఐదారు వేలు డిపాజిట్ నుంచి తీసుకోండి, మిగతాది అత్యవసరాలకు ఉంచేయండి. దుకాణం క్యాష్ క్రెడిట్ ఖాతా నుంచి మాత్రం హాస్టల్ ఫీజు కట్టవద్దు, అది సరుకు డబ్బు. వానాకాలం ధాన్యం అమ్ముడై రైతుల బాకీలు వసూలయ్యే నవంబరు, డిసెంబరు నెలల్లో 60,000, యాసంగి వసూళ్లలో 50,000 వేరే పొదుపు ఖాతాలో వేస్తే, రెండో ఏడాదికి కావలసిన ట్యూషన్ ఫీజు, పుస్తకాల ఖర్చు అప్పటికే సిద్ధంగా ఉంటుంది.