చేప వెంటపడుతోంది కానీ పట్టుకోవట్లేదంటే ముందు ఫ్లై (ఈకలు, వెంట్రుకలతో కట్టిన ఉత్తుత్తి ఎర) సైజు తగ్గించండి

జూలైలో నార్వేలోని గౌలా నదిలో నీళ్లు తేటగా, 13 డిగ్రీలు ఉన్నాయనీ, రెండంగుళాల ఇత్తడి ట్యూబ్ (గొట్టం మీద కట్టిన బరువైన ఫ్లై) వెనకాలే సాల్మన్ వచ్చి సుడి తిప్పి వెళ్లిపోతోందనీ, ఏం చేయాలో చెప్పమనీ మీరు రాశారు. ఆ ట్యూబ్ జూన్ మొదట్లో, మంచు కరిగిన చల్లటి నీళ్లు ఉధృతంగా పారేటప్పుడు, సింకింగ్ (నీళ్లలో మునిగే) లైన్‌తో లోతుగా ఆడించే సరుకండి. ఇప్పుడు ఫ్లోటింగ్ (నీళ్లపై తేలే) లైన్‌కి 8 లేదా 10 నంబరు డబుల్ హుక్ (రెండు కొక్కేల) బ్లూ చార్మ్ అనే ఫ్లై కట్టండి. నంబరు పెరిగేకొద్దీ హుక్ చిన్నది, కొనేటప్పుడు తికమక పడొద్దు. వాన పడి నీళ్లు టీ రంగుకి తిరిగితే 6 నంబరు ఆలీస్ ష్రింప్ అనే ఫ్లై కట్టండి. రంగు కోసం మరీ బుర్ర బద్దలు కొట్టుకోకండి, సైజు, లోతు, వేగం తర్వాతే అది.

చేప సుడి తిప్పి వెళ్తే కదలకుండా రెండు మూడు నిమిషాలు ఆగండి. లైన్ పొడవు మార్చకుండా, ఒక సైజు చిన్న ఫ్లైని అదే చోట వేయండి. దానికీ రాకపోతే సన్‌రే షాడో అనే ఫ్లై వేసి, లైన్ని చేత్తో గబగబా లాగండి. నదికొచ్చిన సాల్మన్ మేత మేయదు, ఆ వేగానికి రెచ్చిపోయి కరుస్తుంది. తగిలిందనిపించగానే మాత్రం రాడ్ ఎత్తకండి. చేప పక్కకి తిరిగి లైన్ బరువెక్కాక ఎత్తాలి, తొందరపడితే హుక్ నోట్లోంచి ఊడొస్తుంది.