నది లేని కోలారు పల్లెల్లో సేద్యం ఎలా సాగుతుంది?

బెంగళూరులో ఉండే మన తెలుగువారు కోలారు, చింతామణి దారిలో వెళ్లేటప్పుడు పాతిక గడపలైనా లేని పల్లెలను చూసి, నది గానీ కాలువ గానీ లేకుండా వీరు ఏం పండిస్తారని అడగడం సహజమే.

ఆ ప్రాంతానికి ఆధారం గొలుసుకట్టు చెరువులు. ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఆ ఎర్ర నేలల్లో, ఎగువ చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు దిగువ చెరువుకు చేరేలా పూర్వులు కట్టలు వేశారు. తూము తెరిచి, ఆయకట్టులో ఎవరి మడికి ఎంతసేపు నీరు పారాలో చూసే బాధ్యత నీరుగంటిది. మెట్టన రాగి, దాని సాళ్ల నడుమ అనుములు, కంది వేస్తారు. రాగి బెట్టను తట్టుకుంటుంది, పశువులకు మేతనూ ఇస్తుంది.

బోర్లు వచ్చాక టమాటా, మల్బరీ సాగు పెరిగింది గానీ, భూగర్భజలం వెయ్యి అడుగుల కిందికి పడిపోయిన చోట్లూ ఉన్నాయి. బోర్లతో అతిగా తోడటమే ఇందుకు ముఖ్య కారణం; నా దృష్టిలో చెరువుల పూడికను, వాగుల ఆక్రమణను పట్టించుకోకపోవడమూ దానికి తోడైంది. నేలలోని నీటిని ఎక్కువగా పీల్చే నీలగిరి (యూకలిప్టస్) తోపుల పాత్ర కూడా కొంత ఉంది.

2018 నుంచి కోరమంగల–చల్లఘట్ట లోయ పథకం కింద బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కోలారు చెరువులకు పంపుతున్నారు. ఇది నేరుగా పొలాలకు పారించడానికి కాదు, భూగర్భజలాన్ని పెంచడానికే. శుద్ధి రెండో దశతోనే, అంటే సూక్ష్మజీవులతో మలినాలను తొలగించడంతోనే ఆగిపోతుండటంతో, నీటిని మరింత వడపోసి శుభ్రం చేసే మూడో దశ కూడా చేపట్టాలని అక్కడి రైతులు అడగడం న్యాయమే.