నల్లనీళ్ళని తెల్లబరచకు

విజయవాడ,
సత్యనారాయణపురం.

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

వరద మీద నువ్వు రాసిన పిల్లల బొమ్మల పుస్తకం డమ్మీ, అదే అచ్చుకి ముందు కూర్చిన నమూనా, గుంటూరు నుంచి భద్రంగా చేరింది. ఉత్తరం పక్కన పెట్టి ముందు బొమ్మలు చూశాను. అదే మంచిదైంది. ఉత్తరం ముందు చదివి ఉంటే నీ బెంగ నాకూ అంటుకునేది.

బొమ్మలు మరీ చీకటిగా ఉన్నాయని చూసినవాళ్ళంతా అంటున్నారని రాశావు. పిల్లలు దడుచుకుంటారు, పెద్దవాళ్ళు కొనరు అని ఒక ప్రచురణకర్త తిప్పి పంపారన్నావు. అందుకని నీళ్ళకి లేత నీలం వేయించి, నీళ్ళదయ్యానికి నవ్వుమొహం పెట్టిస్తే ఎలా ఉంటుందని అడిగావు. వద్దమ్మా. బొమ్మల జోలికి వెళ్ళకు. బొమ్మలేసిన ఆ అబ్బాయి తెలిసే వేశాడు. సరిచెయ్యాల్సింది నీ కథని, అందులోనూ చివరి ఎనిమిది పేజీల్ని.

ముందు నలుపు సంగతి చెబుతాను. నీ కథ మన విజయవాడ సింగ్‌నగర్‌లో జరుగుతుంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు ఊరి మీద పడ్డప్పుడు అక్కడి పిల్లలు చూసిన నీళ్ళు ఏ రంగులో ఉన్నాయి? గట్లు తెగాయి. బుడమేరు నీటిని కృష్ణలోకి మళ్ళించే కాలువ ఉంది గానీ, ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కృష్ణే అంత నిండుగా ఉంటే ఆ నీళ్ళని ఎవరు దింపుకుంటారు? సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ మురుగు కలిసిన నీళ్ళలో రోజుల తరబడి ఉన్నాయి. కరెంటు లేదు. పిల్లలు డాబాల మీద కూర్చుని, కింద తమ వీధి ఉండాల్సిన చోట నల్లగా కదిలేదాన్ని చూశారు. వాళ్ళ చేతిలో లేత నీలం వరద పెట్టావనుకో. ఒక్క పేజీ తిప్పి, ఈ పుస్తకానికి ఏమీ తెలియదని మూసేస్తారు. ఆ తర్వాత నువ్వు ఎంత మంచి మాట చెప్పినా వినరు.

వరద చూడని పిల్లలకి కూడా ఆ నలుపు కావాలి. నాలుగైదేళ్ళప్పుడు మంచం కింద ఎవరో ఉంటారు. ఏడెనిమిదేళ్ళు వచ్చేసరికి ఆ ఎవరో వెళ్ళిపోయి దొంగలూ, చావూ, బయటికి వెళ్ళిన అమ్మ తిరిగి రాకపోవడమూ వస్తాయి. ఏ ఇంట్లో పిల్లలకైనా ఇలాంటిది ఒకటి ఉంటుంది, వాళ్ళు మనకి చెప్పరంతే. దాన్ని ఒక బొమ్మలో, నాలుగు అంచుల మధ్య చూసినప్పుడు ఇది నాకొక్కదానికే కాదన్నమాట అని తెలుస్తుంది. పైగా పేజీ వాళ్ళ చేతిలో ఉంది. కావాలంటే తిప్పుతారు, వద్దంటే మూస్తారు, రేపు మళ్ళీ అక్కడికే తెరుస్తారు. భయపడేదానికి దూరంగా పారిపోయేకొద్దీ అది పెరుగుతుంది, కొద్దికొద్దిగా దగ్గరికి వెళ్ళేకొద్దీ అలవాటవుతుంది. "మళ్ళీ చదువు" అని పిల్లలు అదే పుస్తకాన్ని పదేపదే తెచ్చి ఒళ్ళో పడెయ్యడంలో ఈ పనే జరుగుతూ ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నీ ఇరవయ్యైదో పేజీలో అమ్మ టార్చిలైటు వేసి, "నీళ్ళల్లో దయ్యాలుండవమ్మా, అవి ఉత్త నీళ్ళే" అంటుంది. పాప నవ్వుతుంది. దయ్యం మాయం. ఆ తర్వాత ఇల్లు కడగడం, సున్నాలు వేయడం, ఇంద్రధనుస్సు. అప్పటిదాకా ఊపిరి బిగబట్టి చదివినవాడిని, అక్కడ పుస్తకం నా చెయ్యి వదిలేసింది. ఇరవై నాలుగు పేజీల పాటు ఆ పాప కళ్ళతో దయ్యాన్ని చూపించి, ఇప్పుడు లేదంటావా? మరి నేను చూసిందేమిటి?

ఉరుములప్పుడు మన అమ్మమ్మలు ఏం చేశారో గుర్తు తెచ్చుకో. ఉరుము అంటే ఏమీ లేదు, భయపడకు అనలేదు. "అర్జునా, ఫల్గుణా" అనమన్నారు. పది పేర్లూ గడగడా చెప్పే లోపల రెండో ఉరుము వచ్చేది, మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం. చీకట్లో పెరట్లోకి వెళ్ళాలంటే ఆంజనేయ దండకం. ఉరుము ఆగలేదు, చీకటి తగ్గలేదు. కానీ పిల్లకి చేయడానికి ఒక పని దొరికింది, తన నోటితో తాను చేసే పని. నీ పాపకి ఆ పని లేదు. భయపడటం ఆమెది, ధైర్యం మాత్రం అమ్మది.

మారిస్ సెండాక్ అనే అమెరికన్ 1963లో 'వేర్ ది వైల్డ్ థింగ్స్ ఆర్' అనే పుస్తకం చేశాడు. కథా ఆయనదే, బొమ్మలూ ఆయనవే. మొత్తం 350 మాటలు కూడా ఉండవు. అల్లరి చేసిన మాక్స్‌ని రాత్రి భోజనం పెట్టకుండా గదిలోకి పంపుతుంది తల్లి. ఆ గదిలోనే అడవి మొలుస్తుంది. వాడు పడవెక్కి కోరలూ గోళ్ళూ ఉన్న మృగాల దగ్గరికి చేరతాడు. వాటి పసుప్పచ్చ కళ్ళలోకి రెప్ప వెయ్యకుండా చూసి లొంగదీస్తాడు. తల్లి వచ్చి విడిపించదు. మృగాలు లేవని ఎవరూ అనరు. ఇష్టమైనంత సేపు వాటితో గంతులేసి వాడే వెనక్కి బయల్దేరతాడు. మొదటి బొమ్మ చిన్నగా, చుట్టూ బోలెడు తెల్లజాగాతో ఉంటుంది. పేజీలు తిప్పేకొద్దీ బొమ్మ పెరిగి అంచుల్ని తినేస్తుంది. ఆ గంతుల దగ్గర మూడు జంటపేజీల్లో ఒక్క మాట కూడా లేదు. చిట్టచివరి పేజీలో బొమ్మ లేదు, భోజనం ఇంకా వేడిగానే ఉందన్న ముక్క మాత్రం ఉంది.

ఆ పుస్తకం మీద కూడా నీకు వచ్చిన మాటలే వచ్చాయి. బ్రూనో బెటల్‌హైమ్ అంతటి పేరున్న పిల్లల మనస్తత్వ నిపుణుడు 1969లో ఒక పత్రికలో, పుస్తకం తాను చదవకుండానే, అది పిల్లల్ని బెదరగొడుతుందని రాశాడు. అప్పటికే దానికి 1964లో, అమెరికాలో పిల్లల బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ మెడల్ వచ్చింది, పిల్లలు దాన్ని చంకన పెట్టుకుని తిరుగుతున్నారు. ఆ మృగాల మొహాలు ఎవరివో కూడా సెండాక్ చెప్పాడు. చిన్నప్పుడు ఆదివారాలు ఇంటికి వచ్చి, బుగ్గలు గిల్లి, నిన్ను తినేస్తామనే చుట్టాలవట. "బుగ్గలు కొరుక్కు తినేస్తా" అనే మేనత్త లేని ఇల్లు మన వైపు మాత్రం ఉందా? భయం పరాయి చోటు నుంచి రాదు. నీ ఆర్టిస్టుకి ఇది తెలుసు. నీళ్ళదయ్యం ఒంటిని వీధిలో కొట్టుకొచ్చిన వాటితో కట్టాడు: ప్లాస్టిక్ బిందె, గ్యాస్ బండ, ఒంటి చెప్పు, తడిసిన బడిసంచి. ఆ బడిసంచి పాపదే అని నేను రెండోసారి చూసినప్పుడు గానీ కనిపెట్టలేదు. ఇంత చేసినవాడి చేత నవ్వుమొహం వేయిస్తావా?

అదే అబ్బాయి ఇంకొకటి చేశాడు, నువ్వు గమనించినట్టు లేదు. పన్నెండో పేజీలో మెట్ల మూల చూడు. పాప నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద సుద్దముక్కతో గీత గీసింది. పదహారులో ఇంకో గీత, ఒక మెట్టు కింద. ఇరవైలో ఇంకొకటి. నీ మాటల్లో ఆ గీతల ఊసే లేదు. నీ కథ అదే అమ్మాయీ. పాప చేసే పని అదే. దయ్యం ఎంత ఉందో ఆమె కొలుస్తోంది.

ఇరవై ఐదో పేజీలో అమ్మ మాటలు కొట్టెయ్. అమ్మని తీసెయ్యమనడం లేదు, మెట్ల పైన టార్చి పట్టుకుని కూర్చోనీ, ఏమీ అనకుండా. పాప సుద్దముక్కతో ఒక్కో మెట్టూ దిగుతుంది. ఇరవై ఆరు, ఇరవై ఏడు కలిపి ఒకే బొమ్మ: ఆఖరి మెట్టు మీద పాప, ఎదురుగా పేజీ నిండా దయ్యం. మాట వద్దు. పిల్ల ఎంతసేపు చూడాలనుకుంటే అంతసేపు చూస్తుంది. పేజీ తిప్పితే ఆమె దాని మొహం ముందే గీత గీస్తూ ఉండాలి. తర్వాత అది ఎక్కడికి పోయిందో నువ్వు చెప్పకు. మురుక్కాలువలోకి పోయిందో, బుడమేరులోకి పోయిందో, కొల్లేరుకే పోయిందో, పిల్లలు వాదించుకుంటారు. చివరి పేజీలో ఇంద్రధనుస్సు తీసేసి గోడ మీది వరద మరక ఉంచు. మునిగిన ఇళ్ళ గోడల మీద ఆ చార నువ్వూ చూసే ఉంటావు. పాప దాని పక్కన నిలబడి కొలుచుకుంటుంది. అప్పుడు నెత్తి మీదుగా ఉన్న చార ఇప్పుడు కనుబొమల దగ్గరికి వచ్చింది.

మధ్యలో నవ్వు తక్కువైంది. మన తోలుబొమ్మలాటగాళ్ళు ఈ విద్యలో ఆరితేరినవాళ్ళు. తెర వెనక దీపం, చుట్టూ చీకటి, తెర మీద ఎర్రెర్రగా పది తలల రావణుడు. పిల్లలు తల్లి కొంగులో దూరే వేళకి నవ్వించే బొమ్మలు జుట్టుపోలిగాడూ బంగారక్కా వచ్చి తిట్టుకుంటారు. రావణుణ్ణి చిన్నబుచ్చరు, భయపడ్డ పిల్లల్ని కాస్త ఊపిరి తీసుకోనిస్తారు. నీ పద్నాలుగో పేజీలో పాల ప్యాకెట్ల కోసం డాబా మీద తాతయ్య లుంగీ జెండాలా ఊపే బొమ్మ ఉంది కదా, దాన్ని పెంచు.

మన తెనాలి వైపు నుంచి వెళ్ళి చందమామ నడిపిన చక్రపాణి, కుటుంబరావు, దాసరి సుబ్రహ్మణ్యం గార్లకి ఇంకో సంగతి తెలుసు. 1947లో మొదలైన చందమామలో శ్మశానాలూ, మాంత్రికులూ, పాతాళాలూ ఎన్ని! బేతాళ కథలకి శంకర్ గారు వేసిన బొమ్మలో రాజు శవాన్ని భుజాన వేసుకుని, కత్తి దూసి నడుస్తుంటాడు. వెనక చెట్టూ పుర్రెలూ. పడుకోబోయే ముందు పిల్లలు చదివింది దాన్నే. ఎందుకు తట్టుకున్నారు? ప్రతి నెలా అవే మాటలతో మొదలై, అదే చెట్టు దగ్గరికి తిరిగి వెళ్ళేది కనుక. భయం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ముందే తెలుసు. నువ్వూ గీత గీసిన ప్రతిసారీ ఒకే వాక్యం రాయి. మూడోసారికి పిల్ల నీకంటే ముందే అంటుంది.

ఒక్కటి మాత్రం ఎన్నడూ చెయ్యకు. పదిహేనో పేజీలో నాయనమ్మ "అల్లరి చేస్తే నీళ్ళదయ్యానికి ఇచ్చేస్తా" అంటుంది. అన్నం తినకపోతే బూచాడికి పట్టిస్తాననే మాట అది. 1845లో జర్మనీలో హోఫ్‌మన్ అనే డాక్టరు వేసిన పిల్లల పుస్తకంలో వేలు చీకే పిల్లాడి బొటనవేళ్ళు కత్తెరతో కత్తిరించేస్తారు. అది పిల్లల్ని అదుపులో పెట్టడానికి వాడిన భయం. నీది పిల్లల పక్షాన నిలబడే పుస్తకం. ఆ మాట తీసెయ్.

మాటలు సగానికి తగ్గించు. "భయంకరమైన నల్లటి నీళ్ళు" ఎందుకు, బొమ్మలో ఉన్నాయిగా. బొమ్మ ఎంత చీకటిగా ఉంటే వాక్యం అంత నిదానంగా ఉండాలి. "నీళ్ళు నాలుగో మెట్టు దాకా వచ్చాయి." చాలు.

అచ్చు దగ్గర జాగ్రత్త, చీకటి పుస్తకాలు చాలావరకు అక్కడే చెడతాయి. ఒక్క నల్లసిరాతో పెద్ద జాగా అచ్చేస్తే బూడిదరంగు తేలుతుంది. దానికి తోడు కొంచెం నీలం, కొంచెం మెజెంటా వేయమను. అలాగని నాలుగు రంగులూ నిండా దట్టిస్తే ఆరదు, పక్క కాగితానికి అంటుకుంటుంది. మ్యాప్లితో అనే మామూలు కాగితం వద్దు, సిరా పీల్చేసుకుని బొమ్మలో వివరాలన్నీ మునిగిపోతాయి. మ్యాట్ ఆర్ట్ పేపరు తీసుకో. నిగనిగలాడే కాగితమైతే ట్యూబులైటు కింద ఆ నల్లపేజీలు అద్దంలా మెరిసి దయ్యమే కనపడదు. నలుపు మీద తెల్లక్షరాలు పెట్టావు. ఇంగ్లీషు అక్షరాలకి అది చెల్లుతుంది గానీ మన వత్తులూ, గుడిదీర్ఘాలూ సన్నవి. రంగులు వెంట్రుకవాసి పక్కకి జరిగినా పూడుకుపోతాయి. అక్షరం లావుగా, పెద్దగా ఉండాలి, వత్తులకి చోటుండేలా వరుసల మధ్య ఎడం పెంచాలి. లేదా ఆర్టిస్టునే ప్రతి బొమ్మలో కొంచెం వెలుతురు జాగా వదలమను, అది ఇంకా మేలు. పాప మొహం మాత్రం మధ్య మడతలో పడనివ్వకు.

వెనక అట్ట మీద "భయం పోగొట్టే పుస్తకం" అని వేయిస్తానన్నావు. వేయించకు. నెలలు గడిచినా నిద్రలో కేకలు పెట్టే పిల్లలు, నీళ్ళ చప్పుడుకి వణికిపోయే పిల్లలు ఉంటారు. వాళ్ళకి డాక్టరు సాయం కావాలి. ఆ తల్లిదండ్రులు నీ పుస్తకం కొని అదే చాలనుకుంటే ప్రమాదం.

జనవరి పుస్తకాల పండగకి తేవాలని తొందరపడుతున్నట్టున్నావు. ఈ ఏడు కాకపోతే పైయేడు. ముందు చివరి ఎనిమిది పేజీలు పెన్సిలుతో వేయించి పంపు, రంగులు తర్వాత. వీలైతే ఆ అబ్బాయినీ వెంటబెట్టుకుని రా, సింగ్‌నగర్‌లో ఆ మెట్లు నేనూ చూడాలి.

ఇట్లు,
మీ మాస్టారు